ఎంగిలి పడని తెడ్డు

విరూపాక్షి చేసిన యంత్రానికి రెండే రెండు లోపాలు. అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు, అది ఒకటి. విరూపాక్షికీ తెలియదు, అది రెండోది.

మొదటిదాన్ని తలుచుకుని అతను గర్వపడేవాడు. రెండోదాన్ని గదిలో పెట్టి తాళం వేశాడు.

గరుగుట్ట మఠం సీమలో ఒక చిన్న మఠం. పేరుకు మఠమే గాని గోపురాలూ ఏనుగులూ లేవు. రాతిగుట్ట మీద నాలుగు గదులు, ఒక వంటశాల, పాత గురువుగారి సమాధి. ఆ సమాధిని గద్దె అంటారు. ఆయన తరవాత మఠాన్ని చూసుకుంటున్నది ఒక ముసలావిడ. అసలు పేరు సిద్ధమ్మ. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. ఇప్పుడు అందరికీ ఆమె అవ్వ.

అవ్వ ఉపదేశాలు చెయ్యదు. ఎవరేం అడిగినా ముందు "నాకేం తెలుసు నాయనా" అంటుంది. అయినా జనం వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ళకు లేదనకుండా సంగటి పెడతారు.

విరూపాక్షి వడ్రంగి. మఠం తలుపు బాగుచెయ్యడానికి గుట్టెక్కి, శిష్యుడై ఉండిపోయాడు. "తలుపు బాగైంది, వడ్రంగి పాడైపోయినాడు" అని వాళ్ళ నాయన ఇప్పటికీ కనబడ్డవాళ్ళకల్లా చెబుతుంటాడు.

సంగటి చేసేది ఓబుళమ్మ. సంగటి తినడమే తప్ప చెయ్యడం తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఎసట్లో నూకలు ఉడికాక రాగిపిండి పోస్తారు. అక్కడికి సగం పనే అయినట్టు. ఆ తరవాత తెడ్డు పట్టుకుని గెలకాలి. పిండి బిగిసే కొద్దీ తెడ్డు కదలనంటుంది. చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది, అడుగంటుతుంది. ఇంట్లో నలుగురికి గెలికితేనే ఒళ్ళు తడిసిపోతుంది. ఓబుళమ్మ గంగాళంలో గెలుకుతుంది, అదీ రోజూ. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే మొగుడు పోతే గుట్టెక్కిన మనిషి. అప్పట్నుంచీ ఆ తెడ్డే ఆమెకు అన్నీ.

కిందటేడు ఆరాధన రోజున, అంటే పాత గురువుగారు సమాధి అయిన రోజున, కింది ఊళ్ళన్నీ గుట్ట మీదే ఉన్నాయి. ఓబుళమ్మ సగం గెలికి ఉన్నట్టుండి తెడ్డు వదిలేసింది. కుడిచెయ్యి పైకి లేవలేదు. పక్కవాళ్ళు వచ్చి తెడ్డు అందుకునేలోపు సంగటి మాడిపోయింది. జనం మారుమాట లేకుండా ఆ మాడిన సంగటే తిన్నారు. ఓబుళమ్మ మాత్రం తినలేదు. వంటశాల వెనక గోడకు ఆనుకుని, ఎడమచేత్తో భుజం పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. నొప్పికి కాదు. "ఇంగ నేనెందుకు ఈడ" అనుకుని ఏడ్చింది.

విరూపాక్షి వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఏడవాకు పెద్దమ్మా. వచ్చే ఆరాధనకు నువ్వు తెడ్డు ముట్టుకునే పనే ఉండదు. నేను చూసుకుంటా."

"నువ్వా ఇరుపాచ్చీ? నీకు గెలికేది వస్తాదా?" ఆమె నోట్లో అతని పేరు ఎప్పుడూ అలాగే తిరుగుతుంది.

"నాకు రాదు. కొయ్యకు నేర్పిస్తా."

ఓబుళమ్మ ఏడుస్తూనే నవ్వింది. మాట అలా పడింది.

కొయ్యకు నేర్పడం మొదలుపెట్టాడు. రెండు నిట్టాళ్ళు, వాటి మధ్య అడ్డదూలం. దూలం నుంచి గంగాళంలోకి దిగే పెద్ద తెడ్డు. పైన రెండు పళ్ళ చక్రాలు. పొయ్యికి దూరంగా కూర్చుని ఒక పిడి తిప్పితే, చక్రాలు తిరిగి లోపల తెడ్డు తిరగాలి. సెగ తగలదు, నడుం వంచక్కర్లేదు, భుజం లేపక్కర్లేదు. ఆలోచన మంచిదే. పని తెలిసిన చెయ్యి కాబట్టి వానాకాలం దాటేసరికే యంత్రం నిలబడింది.

నిలబడిందా, అప్పుడు పట్టుకుంది జబ్బు.

ఎవరికైనా చూపిస్తే నవ్వుతారేమోనని ఒక భయం. నవ్వకపోతే ఎత్తుకుపోతారేమోనని ఇంకో భయం. కింది ఊళ్ళలో వడ్రంగులు తక్కువవాళ్ళు కాదు. ఒక్కసారి కంటితో చూస్తే చాలు, మర్నాటికి నాలుగు చేసి పెడతారు. అందుకని గదికి తాళం వేశాడు. యంత్రం మీద దుప్పటి కప్పాడు. దుప్పటి కింద, ఎవరి దిష్టీ తగలకుండా, నిమ్మకాయలు కూడా కట్టాడు.

భయానికి భయమని పేరు పెట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. విరూపాక్షి తన భయానికి భక్తి అని పేరు పెట్టుకున్నాడు. ఆరాధన రోజున సంగటి మొదటి ముద్ద గద్దె దగ్గర పెడతారు. అప్పటిదాకా ఎవరూ నోట వెయ్యరు, ఉప్పు కూడా చూడరు. తన యంత్రం కూడా అలాంటిదే అనుకున్నాడు. గురువుకు అర్పించే వస్తువు ముందే నలుగురి చేతుల్లో పడి నలిగితే ఎంగిలి కాదూ? మొదటి పిండి ఆరాధన నాడే పడాలి. మొదటి ముద్ద గద్దెకే పోవాలి. అదీ అతని నియమం.

పరీక్షించకుండా ఎలా మరి? దానికీ ఉపాయం ఉంది. గదిలో గొయ్యి తీసి, పాత కుండ పాతిపెట్టి, అందులో బంకమట్టి కలిపి గెలికి చూశాడు. మట్టి వెన్నలా కలిసింది. విరూపాక్షి పొంగిపోయాడు. తెడ్డును గోకి, కడిగి, నూనె రాసి మళ్ళీ దుప్పటి కప్పాడు. ఇంకేం చెయ్యాలో తోచక నిట్టాళ్ళ మీద చిలకలు చెక్కాడు. చిలకలకు ముక్కులు నునుపు చేశాడు.

ఓబుళమ్మ అప్పుడప్పుడు గది ముందు ఆగేది.

"అయిందా ఇరుపాచ్చీ?"

"అయినట్టే పెద్దమ్మా. ఆరాధన రోజు చూద్దువులే."

"సరే నాయనా" అని భుజం రుద్దుకుంటూ పొయ్యి దగ్గరికి పోయేది.

ఆరాధన దగ్గరపడుతున్న కొద్దీ విరూపాక్షికి తిండి సయించలేదు. అంతమంది ముందు దుప్పటి తీసే క్షణం తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. ముందు ఏం చెప్పాలి? చక్రాల సంగతి చెప్పాలా, ఎంత కష్టపడ్డాడో చెప్పాలా? ఎవరైనా పెదవి విరిస్తే? చివరికి ఆరాధన ఇంకా రెండు నెలలుందనగా ఒక పొద్దున అవ్వ దగ్గరికి వెళ్ళాడు.

అవ్వ ఎండలో గోడకు ఆనుకుని చద్దిసంగటిలో చెనిక్కాయల ఊరుబిండి నంజుకుని తింటోంది.

"అవ్వా, ఒక మాట అడగాల."

"అడుగు."

"కొత్త వస్తువు ఒకటి చేసినామనుకో. దాన్ని పదిమంది ముందర ఎట్లా పెట్టాల? ఏం చెప్తే ఒప్పుకుంటారు?"

"నాకేం తెలుసు నాయనా" అంది అవ్వ. "యాడుండాది అది?"

అతను గది వైపు చూపించాడు. అవ్వ గిన్నె పక్కన పెట్టి లేచింది. చెయ్యి కడుక్కోలేదు. విరూపాక్షి అది గమనించాడు గాని అవ్వకు చెప్పేదెవరు?

తాళం తీశాడు. దుప్పటి తీశాడు. అవ్వ యంత్రం చుట్టూ నెమ్మదిగా తిరిగింది. నిమ్మకాయలు చూసింది. చిలకల దగ్గర కాసేపు నిలబడింది.

"చిలకలు బాగుండాయి" అంది. "దీంతో గెలికితే సంగటి ఎట్లుంటాది?"

"వెన్న మాదిరి ఉంటాదవ్వా."

"తిన్న్యావా?"

"లేదు. ఇంగా పిండి పొయ్యలా."

"మరి ఎట్ల తెలుసు?"

"మట్టి గెలికి చూసినా."

అవ్వ నవ్వలేదు. "ఆరాధనకు మట్టి తినేవాళ్ళు ఎవరన్నా వస్తాండారా?" అని మామూలుగా అడిగింది.

విరూపాక్షి గొంతు సవరించుకున్నాడు. తన నియమం చెప్పాడు. అర్పించే వస్తువు ఎంగిలి కాకూడదనీ, అందుకే ఇన్నాళ్ళూ ఎవరి చెయ్యీ పడనివ్వలేదనీ, మొదటి ముద్ద గద్దెకే పోవాలనీ చెప్పాడు. చెబుతుంటే తన మాటలు తనకే ఎంతో బాగున్నాయనిపించింది.

అవ్వ అంతా విన్నది.

"బాగుంది" అంది. "ఈ ఏడాదంతా మనం తిన్న సంగటి ఎవరు గెలికినారు?"

విరూపాక్షి తల తిప్పాడు. వంటశాలలోంచి తెడ్డు గంగాళానికి తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. మధ్య మధ్య ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఓబుళమ్మ భుజం రుద్దుకుంటోందని అతనికి తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ చిలకల ముక్కులు నునుపు చేశాడు.

అప్పుడు అవ్వ కుడిచెయ్యి చాపింది. వేళ్ళకు సంగటి, అరచేతికి ఊరుబిండి. ఆ చేతిని తెడ్డు మీద పెట్టి, పైనుంచి కింది దాకా నిదానంగా, ఎక్కడా వదలకుండా రాసింది.

"అవ్వా!" అని అరిచాడు విరూపాక్షి.

"చెయ్యి కడుక్కోవాల" అంది అవ్వ. "చెంబు యాడుండాది?"

అడిగిందే గాని జవాబు కోసం ఆగలేదు. బయటికి వెళ్ళిపోయింది.

విరూపాక్షి పరిస్థితి పగవాడికి కూడా వద్దు. తెడ్డు ఎంగిలి అయింది, అది ఖాయం. కడిగేద్దామా అంటే గురువు ఎంగిలి శిష్యుడికి ప్రసాదం. ప్రసాదాన్ని నీళ్ళు కొట్టి కడుగుతారా? కడక్కపోతే ఆరాధనకు పనికిరాదు, కడిగితే తాను శిష్యుడుగా పనికిరాడు. నెత్తి పట్టుకుని గదిలో కూలబడ్డాడు. మొదట కోపం వచ్చింది. అవ్వకు చాదస్తం ముదిరిందనుకున్నాడు. అలా అనుకున్నందుకు లెంపలేసుకున్నాడు. మళ్ళీ తెడ్డు వైపు చూశాడు. నూనె రాసి మెరిపించిన కొయ్య మీద రాగిసంగటి చారలు ఎండుతున్నాయి.

ఎంతసేపు కూర్చున్నాడో గాని, లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఎందుకో అప్పుడతనికే తెలియలేదు. ఆ గదిలో కాపలా కాయాల్సింది ఇంకేమీ మిగల్లేదు, అంతే. నిమ్మకాయలు తెంపి పారేశాడు. వాకిట్లో పోతున్న ఇద్దరు శిష్యులను కేకేసి, "ఒక చెయ్యి వెయ్యండి, దీన్ని వంటింట్లోకి మోయాల" అన్నాడు.

వంటశాలలో జనం పోగయ్యారు. విరూపాక్షి ఒక పక్కన నిలబడి మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, ఇప్పుడు ఇది పెద్ద చక్రం. దీని పళ్ళు ఆ చిన్న చక్రం పళ్ళల్లో పడతాయి. పడితే ఏమైతుందంటే..."

ఓబుళమ్మ కాసేపు విన్నది. ఎసరు తెర్లుతోంది.

"అది సరే నాయనా. పిండి పొయ్యమంటావా, వద్దా?"

పిండి పోశారు. ఓబుళమ్మ దూరంగా పీట మీద కూర్చుని పిడి పట్టుకుంది. తిప్పింది. చక్రాలు కిర్రుమన్నాయి. తెడ్డు కదిలింది. పిండి కలిసింది. అందరూ "ఓహో" అన్నారు.

సంగటి బిగిసింది. తెడ్డుకు కరుచుకుంది. మట్టి ఎప్పుడూ అలా కరుచుకోలేదు. పైగా మట్టికుండ గోతిలో పాతి ఉండేది, ఈ గంగాళం మూడు రాళ్ళ మీద ఉంది. ఓబుళమ్మ మరింత బలంగా తిప్పేసరికి, తెడ్డూ సంగటీ గంగాళమూ మూడూ ఒక్కటై కలిసికట్టుగా తిరగడం మొదలుపెట్టాయి. గంగాళం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో ఒక రాయిని తన్నింది. అందరూ వెనక్కి దూకారు. గంగాళం వంగి, దొర్లి, వేడి సంగటి నేల మీద పరుచుకుంది. పొయ్యి చుయ్యిమని ఆరిపోయింది.

ఓబుళమ్మ పిడి పట్టుకునే కూర్చుంది.

"ఇరుపాచ్చీ" అంది చివరికి. "ఇది సంగటి గెలకలేదు నాయనా. గంగాళాన్ని గెలికింది!"

వంటశాల పెంకులు లేచిపోయేట్టు నవ్వారు. నీళ్ళ కడవలు మోసేవాళ్ళు నవ్వారు, విస్తర్లు కుట్టేవాళ్ళు నవ్వారు, ఎన్నడూ నవ్వని పెద్దశిష్యుడు సంజీవప్ప కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఓబుళమ్మ అయితే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

విరూపాక్షి మొహం కందిపోయింది. ఏడాదిగా ఏ క్షణానికి భయపడి తలుపు మూసుకున్నాడో, ఆ క్షణం వచ్చేసింది. ఇంతకంటే ఘోరంగా రావడం దానివల్ల కూడా కాదు. అతను నేల చీలుతుందేమోనని చూశాడు. చీలలేదు.

గుమ్మంలోంచి అవ్వ తొంగిచూసింది. నేల మీది సంగటి చూసింది. గంగాళం చూసింది.

"మజ్జిగ ఉండాదా ఓబుళమ్మా?" అంది. "నిన్నటి సంగటి ఉంటే కలిపి పెట్టు అందరికీ. ఆకలైతాంది."

నిన్నటి సంగటిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని అందరూ తిన్నారు. తింటూ మళ్ళీ ఆ గంగాళం తిరగడం తలుచుకుని నవ్వారు. ఎవరో అది తిరిగిన తీరు చేత్తో అభినయించి చూపిస్తే పొలమారేలా నవ్వింది విరూపాక్షే. నవ్వాక అతనికి ఆశ్చర్యం వేసింది. ఇంతేనా? ఇంతకేనా తాను నిద్ర మానింది? ఎన్నో నెలల తరవాత ఆ పూట కడుపు నిండా తిన్నాడు. ఇక ఎత్తుకుపోయేవాళ్ళ భయం కూడా పోయింది. గంగాళాన్ని తిప్పే యంత్రం ఎవడిక్కావాలి?

యంత్రాన్ని మళ్ళీ గదిలోకి మొయ్యలేదు. వంటశాలలోనే ఒక మూల నిలబెట్టాడు, దుప్పటి లేకుండా.

మర్నాడు గంగాళం అంచును పట్టి ఉంచేట్టు కొయ్య మేకులు బిగించాడు. గంగాళం కదల్లేదు గాని తెడ్డు కదలనంది. వెడల్పు ఎక్కువైంది. చెక్కి సన్నం చేశాడు. అప్పుడు మధ్యలో కలిసింది, అంచుల్లో పచ్చిపిండి మిగిలింది. ఆ పూట అందరూ ఉండల సంగటి తిన్నారు, తింటూ అతని వైపు చూశారు. విస్తర్లు కుట్టే ముసలాయన, "నడిమధ్య ఒక్క తెడ్డే ఎందుకు, పక్కన ఇంకోటి తగిలించు, పోయిందేముంది?" అన్నాడు. ఊరికే అన్నాడు. తగిలిస్తే పనిచేసింది. పిడి చేతికి గుచ్చుకుంటోందని ఓబుళమ్మ పాత చీరె పేలిక చుట్టింది. చక్రాల కిర్రు భరించలేక ఎవరో ఆముదం పోశారు. గొర్రెలు అమ్మడానికి పోతూ మధ్యాహ్నం ఆగిన ఒక కాపరి పిడి తిప్పి చూసి, ఎడమచేతివాటం కాబట్టి తనకు కుదరడం లేదని గొణిగాడు. విరూపాక్షి పిడిని ఎటైనా మార్చుకునేట్టు చేశాడు. దాంతో ఓబుళమ్మ కుడిభుజానికి పూర్తిగా సెలవు దొరికింది.

చిలకల్లో ఒకదాని ముక్కు విరిగింది. ఎప్పుడు విరిగిందో కూడా ఎవరూ చూడలేదు.

ఆ రోజుల్లో విరూపాక్షి ఒక కొత్త అలవాటు చేసుకున్నాడు. సంగటి గెలికేటప్పుడు యంత్రం వంక చూడ్డం మానేశాడు. ఓబుళమ్మ భుజం వంక చూసేవాడు. భుజం బిగిస్తే ఎక్కడో తప్పున్నట్టు. భుజం కిందికి జారి, ఆమె పక్కవాళ్ళతో కబుర్లలో పడితే ఆ పూటకు అది సరిగ్గా ఉన్నట్టు. చక్రాల గురించి ఎవరికీ చెప్పడం లేదు. ఎవరూ అడగడమూ లేదు. వచ్చినవాళ్ళకు ఓబుళమ్మే, "కూర్చో, తిప్పి చూడు" అనేది. తిప్పినవాళ్ళు లేచేటప్పుడు తమ ఇంట్లో గెలికేవాళ్ళ చేతుల గురించి మాట్లాడుకుంటూ పోయేవారు.

ఆరాధన రోజు వచ్చింది. తెల్లవారేసరికే గుట్టంతా జనం. ఓబుళమ్మ స్నానం చేసి, చింతపండూ బూడిదా వేసి గంగాళాన్ని తోమింది. యంత్రాన్ని కడిగి పొయ్యి మీదికి జరపబోతుంటే సంజీవప్ప అడ్డం వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆచారం తప్పితే ఆయనకు నిజంగానే ఒంట్లో బాగుండదు.

"ఈ పొద్దు అది వద్దు" అన్నాడు. "ఇన్నాళ్ళూ మనం తినే సంగటిలో తిరిగిన తెడ్డు. ఎంగిలి. గద్దెకు పెట్టే ముద్ద దాంతో గెలికితే ఎట్లా?"

"కడిగినాం గదన్నా" అన్నాడు విరూపాక్షి.

"ఎంత కడిగినా కొయ్య కొయ్యే. ఇత్తడి కాదు. లోపలికి పీల్చుకుంటాది. ఎప్పుడూ గెలికినట్టే గెలకమను. ఈ ఒక్క పూటకే గదా."

ఒకప్పటి తన మాటలే సంజీవప్ప నోట వినబడుతుంటే విరూపాక్షి తల దించుకున్నాడు. ఓబుళమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఆరాధనకని విడిగా దాచి ఉంచే పాత తెడ్డు తీసుకుంది. దాన్ని రెండుచేతులా పట్టుకుని గంగాళం ముందు నిలబడి, కుడిభుజం మెల్లగా లేపబోయింది. తెడ్డు బరువు పడేసరికి మొహం ముడుచుకుపోయింది. ఇన్ని చేసీ చివరికి విరూపాక్షి, ఏ రోజు కోసం మాటిచ్చాడో ఆ రోజే మాట తప్పుతున్నాడు.

అవ్వ ఎప్పుడొచ్చిందో వచ్చింది. ఓబుళమ్మ చేతిలోంచి తెడ్డు తీసి గోడకు ఆనించింది. ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని సంజీవప్ప ముందుకు చాపింది.

"రోజూ ఈ చేత్తోనే తిని, ఈ చేత్తోనే గెలికింది. ఇన్నేండ్లూ గద్దెకు ముద్ద పెట్టిందీ ఈ చెయ్యే" అంది. "ఇది ఇత్తడిదా సంజీవప్పా?"

సంజీవప్ప ఆ చేతిని చూశాడు. కండువా భుజం మీద సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా, యంత్రానికి ఒక పక్క పట్టుకున్నాడు.

"ఇంగోపక్క పట్టండి ఎవరన్నా" అన్నాడు.

సంగటి బాగా కుదిరింది. వెన్నలా ఏం లేదు. సంగటి సంగటిలాగే ఉంది, ఒకటో రెండో ఉండలు కూడా ఉన్నాయి. మొదటి ముద్ద గద్దె దగ్గర పెట్టారు. టెంకాయ కొట్టారు. పంక్తులు తీరాయి. ఓబుళమ్మను కూడా లాక్కొచ్చి పంక్తిలో కూర్చోబెట్టారు. ఆరాధన నాడు ఆమె వేడి ముద్ద తినడం ఎవరూ ఎరగరు. ఎప్పుడూ అందరూ తిని లేచాక, చల్లారిన అడుగు సంగటిని అలిసిపోయిన చేత్తో తినేది.

విరూపాక్షి ఎదుటి పంక్తిలో, అవ్వ పక్కన కూర్చున్నాడు. సంగటిలో గుంట చేసి పులగూర పోసుకుంటుండగా, ఏటి అవతలి సత్రం నుంచి వచ్చిన ఒక వంటమనిషి ఓబుళమ్మను పలకరించడం వినిపించింది.

"ఏమక్కా, వంటింట్లో చూస్తి. భలే ఉండాదే ఆ గెలికేది! ఎవరు చేసినారు?"

విరూపాక్షి చెయ్యి ఆగిపోయింది. ఏడాదిగా ఎదురుచూసిన ప్రశ్న. అడగాల్సినవాళ్ళే అడిగారు, పదిమందిలో అడిగారు. జవాబు ఎలా చెప్పాలో ఎన్నిసార్లు మనసులో చెప్పుకున్నాడో.

ఓబుళమ్మ నోట్లో ముద్ద మింగింది.

"ఎవరో చేసిచ్చేదేందమ్మా? మేమే చేసుకున్న్యాం" అంది. "తిన్నాక రా, తిప్పి చూద్దువు. మీరూ ఒకటి చేసుకోండి." అని వడ్డించేవాళ్ళ వైపు తిరిగి కుడిచెయ్యి పైకెత్తింది. "అబ్బోడా, ఇంగో ముద్ద ఇట్లా తే!"

విరూపాక్షి సగం లేచాడు. నోరు కూడా తెరిచాడు. ఎత్తిన ఆ చెయ్యి కంటబడింది. చెవి దాటి, తల దాటి పైకి పోయింది. అది ఎత్తానన్న సంగతి ఓబుళమ్మకే తెలిసినట్టు లేదు.

"యాడికి?" అంది అవ్వ, తన విస్తరి మీంచి తల ఎత్తకుండానే. "పంక్తి మధ్యలో లేయకూడదు నాయనా. తిను."

విరూపాక్షి కూర్చున్నాడు. ముద్ద వేడిగా ఉంది.